వాన వెలిసిన మూడో రోజు క్వారీ

తుపాను తీరం దాటి మూడు రోజులైంది. ఎండ కాస్తోంది. అనకాపల్లి వైపు ఒక కంకర క్వారీ అనుకుందాం. మోటార్లు పెట్టి గుంతలో నీళ్లు తోడేశారు. నాలుగు రోజులుగా పని లేదు. క్రషర్‌కు రాయి కావాలి, టిప్పర్ డ్రైవర్లు టీ కొట్టు దగ్గర ఎదురు చూస్తున్నారు. కొండను కోసిన ఫేస్ వారం క్రితం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే కనిపిస్తోంది. పొక్లెయిన్ స్టార్ట్ చేయొచ్చా?

ఆఫీసు గదిలో బీరువాలో ఉన్న రిస్క్ రిజిస్టర్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. 'రాళ్లు జారిపడే ప్రమాదం: మధ్యస్థం' అని జనవరిలో రాసిన వాక్యం ఒకటి అందులో ఉంటుంది. జనవరిలో అది నిజమే. తప్పుడు లెక్క ఎవరూ రాయలేదు. రాసిన లెక్కకు కాలం చెల్లిపోయింది, ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు, అంతే. గనుల్లో ప్రమాదాన్ని అంచనా వేయడం మరీ అంత కష్టమైన విద్య కాదు. దాని ఫలితం ఎంత తీవ్రం, మనుషులు ఎంతసేపు ఆ చోట ఉంటారు, అది జరిగే అవకాశం ఎంత అని మూడు అంకెలు వేసి గుణించే పద్ధతి మన దేశంలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. వేసిన లెక్క ఏ రోజున చెల్లకుండా పోయిందో పట్టుకోవడమే అసలు కష్టం.

విశాఖ అంటే ఓడరేవు, ఉక్కు, నేవీ గుర్తుకొస్తాయి గానీ గనులు గుర్తుకు రావు. నిజానికి ఈ ఊరు గనుల మీద నడిచే ఊరు. బైలదిలా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీద దిగి ఇక్కడికే వస్తుంది. ఒడిశాలోని దామన్‌జోడి అల్యూమినా ఇక్కడి రేవు నుంచే ఓడ ఎక్కుతుంది. ఉక్కు ఫ్యాక్టరీకి విజయనగరం జిల్లా గర్భాంలో మాంగనీసు గని ఉంది. ఇక అనకాపల్లి, సబ్బవరం, ఆనందపురం వైపు కొండలను పిండి చేస్తున్న కంకర క్వారీల సంగతి హైవే మీద వెళ్లే వాళ్లందరికీ తెలుసు. మన్యం బాక్సైట్ కథ వేరు. అక్కడ తవ్వాలా వద్దా అన్న దగ్గరే దశాబ్దాలుగా పోరాటం నడుస్తోంది కాబట్టి దాన్ని ఈ చర్చలోకి లాగడం లేదు.

ఈ కొండ రాయి గుణం

విశాఖ చుట్టూ కనిపించే ఎర్రటి కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే రాయి. కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ అన్నీ ఆ కోవలోవే. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద ఈ రాయికి ఆ పేరొచ్చింది. దీంట్లో గోమేదికం లాంటి ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తాయి. చూడటానికి గట్టి రాయే. కానీ గాలికి, నీటికి తొందరగా చివుకుతుంది. అందులోని ఫెల్‌స్పార్ మట్టిగా మారిపోయి, పొరల మధ్య తెల్లటి బంకమన్నులా పేరుకుంటుంది. దీని పక్కనే చార్నొకైట్ అనే ముదురు రంగు గట్టి రాయి ఉంటుంది. కంకరకు అదే మేలు. రెండూ ఒకే కొండలో కలిసి ఉండటం ఇక్కడ మామూలే.

క్వారీ మనిషికి ఇది ఎందుకు ముఖ్యమంటే, లోహ ఖనిజ గనుల నిబంధనలు (1961 నాటివి) నేల రకాన్ని బట్టి మెట్లు కొలిచాయి. మొరం, గ్రావెల్, బంకమన్ను లాంటి మెత్తటి నేలలో బెంచి, అంటే ఒక్కో మెట్టు, ఎత్తు మీటరున్నర దాటకూడదు, వెడల్పు ఎత్తు కంటే తక్కువ ఉండకూడదు. లేదా వాలు 45 డిగ్రీలకు మించకూడదు. గట్టి రాయి అయితే బెంచి ఎత్తు ఆరు మీటర్ల దాకా పోవచ్చు. కాగితం మీద ఇది సుబ్బరంగా ఉంది. ఇప్పుడు ఒక క్వారీ గట్టి రాయిలో ఆరు మీటర్ల బెంచీలతో ముందుకు సాగుతోందనుకుందాం. ఏడాది తిరిగేసరికి ఫేస్ ఇరవై మీటర్లు లోపలికి జరిగి, చివికిపోయిన ఖోండలైట్ పట్టీలోకి వచ్చింది. క్వారీ అదే, లీజు అదే, మేనేజర్ అతనే, ప్లాను కూడా అదే. నేల మాత్రం మొరం అయిపోయింది. నిన్న చట్టానికి లోబడి ఉన్న ఆరు మీటర్ల బెంచి ఇవాళ ఉండాల్సిన దానికి నాలుగింతలు ఎత్తున్న గోడ. ఎవరూ ఏ నిబంధనా మార్చలేదు, ఎవరూ ఉల్లంఘించాలనుకోలేదు. కొండ తన రకం మార్చుకుంది.

దీన్ని ముందుగా పట్టుకునేది సర్వే పటం కాదు, డ్రిల్లర్. జాక్‌హామర్ రాడ్డు ఒక్కసారిగా తేలిగ్గా దిగిపోతుంది, దుమ్ము రంగు మారుతుంది. 'ఇవాళ రాయి మెత్తగా ఉందన్నా' అని అతను మేట్‌తో, అంటే పనివాళ్ల మీద ఉండే పెద్దతో, అంటాడు. ఆ మాట సంతోషంగానే అంటాడు, ఎందుకంటే పని తొందరగా అవుతోంది. ఆ ఒక్క మాట బెంచి ఎత్తు నిర్ణయించే మనిషి దాకా చేరే దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆ క్వారీ భద్రత ఎంతో చెప్పేయొచ్చు.

నీళ్ల బరువు

ఇప్పుడు తుపాను తర్వాతి మూడో రోజుకు వద్దాం. ఫేస్ పైన, అంచుకు వెనక, కొండ మీద ఒక పగులు ఉంది. వేసవిలో చెయ్యి పట్టేంత సందు. వానకు అందులో నీళ్లు నిండాయి. పగులు అయిదు మీటర్ల లోతు ఉంటే, అడుగున ఆ నీళ్లు చదరపు మీటరుకు అయిదు టన్నుల బలంతో పక్కలకు నెడతాయి. పది మీటర్లయితే పది టన్నులు. పగులు ఎంత సన్నగా ఉన్నా ఈ లెక్క మారదు. నీటి ఒత్తిడికి లోతుతోనే పని, వెడల్పుతో కాదు. కింద పొరల మధ్య ఉన్న బంకమన్ను తడిసి సబ్బులా జారుతుంది. పై నుంచి నెట్టుడు, కింద జారుడు, రెండూ ఒకేసారి వస్తాయి.

ఇంకో చిక్కుంది. వాన ఆగిన క్షణాన ప్రమాదం ఆగదు. పై నేలలోంచి నీరు లోపలికి ఇంకి, పగుళ్లను నింపి, మెల్లగా బయటికి రావడానికి గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. వాన పడుతున్నంతసేపూ ఎవరూ క్వారీలో ఉండరు కాబట్టి ఆ సమయం ఒక రకంగా క్షేమమే. ఎండ వచ్చి, గుంత ఎండి, అందరూ ఉత్సాహంగా పనిలోకి దిగిన రోజే కొండ లోపల నీళ్ల బరువు ఇంకా దిగకుండా ఉండేది. గుంతలో నీళ్లు తోడితే కొండలో నీళ్లు తోడినట్టు కాదు. పైగా ఫేస్‌కు ఆనుకుని నిలిచిన నీటిని ఒక్కసారిగా తోడేస్తే, ఇన్నాళ్లూ బయటి నుంచి ఆనుకున్న ఆ నీటి ఆసరా పోతుంది, లోపలి నీరు మాత్రం అలాగే ఉంటుంది.

కొండ వాలు మీద వాన ఏం చేయగలదో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం నాటి తెల్లవారుజామున, సింహాచలంలో కొత్తగా కట్టిన గోడ పెద్ద వానకు క్యూలైను మీద కూలి ఏడుగురు చనిపోయారు. అది గని కాదు. వాలు, నీళ్లు, కొత్త కట్టడం, కింద మనుషులు. ఈ నాలుగూ కలిసిన చోటుకు ఏ పేరు పెట్టినా ఒకటే.

ఇక్కడే విశాఖకు మాత్రమే సంబంధించిన ఒక లోపం బయటపడుతుంది. దేశమంతా గనుల్లో వానాకాలపు జాగ్రత్తలు మే చివర్లో, జూన్ మొదట్లో తీసుకుంటారు. కాలవలు తీయడం, పంపులు చూసుకోవడం, గట్లు వేయడం అన్నీ అప్పుడే. జార్ఖండ్‌కు, ఛత్తీస్‌గఢ్‌కు ఆ లెక్క సరిపోతుంది. ఈ తీరంలో అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబర్‌లో. గులాబ్ 2021 సెప్టెంబర్ చివర్లో వచ్చి విశాఖను ముంచింది. జూన్‌లో తీసిన కాలవ అక్టోబర్ నాటికి మట్టి, తుక్కు పట్టి పూడిపోయి ఉంటుంది. చెక్‌లిస్టులో మాత్రం టిక్కు జూన్ నుంచి అలాగే ఉంటుంది. ఉత్తరాంధ్ర క్వారీలకు రెండో వానాకాలపు తనిఖీ సెప్టెంబర్ రెండో వారంలో ఉండాలని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. క్యాలెండర్ చూస్తే చాలు.

గీత దాటిన సంగతి

మార్పు ఎప్పుడూ వానలా చప్పుడు చేస్తూ రాదు. గనుల చట్టం 1952 సెక్షన్ 3 కింద గ్రావెల్, మొరం, కంకర రాయి లాంటి వాటి చిన్న తవ్వకాలకు చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఉండేది. షరతులు మూడు: లోతు ఆరు మీటర్లు దాటకూడదు, పనివాళ్లు యాభై మందికి మించకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. ఈ చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. కానీ ఆ మూడు షరతుల వెనకున్న ఆలోచన మాత్రం గుర్తుంచుకోవాల్సినది.

ఒక గ్రావెల్ తవ్వకం మూడు మీటర్ల లోతుతో మొదలవుతుంది. పొక్లెయిన్ ఒకటి, టిప్పర్లు నాలుగు. రోడ్డు పనులు ఊపందుకున్నాయి, తవ్వకం లోతయింది. ఆరు మీటర్లంటే రెండంతస్తుల ఇంటి ఎత్తు. దాన్ని ఏ రోజు దాటారో ఆ తవ్వే మనిషి చెప్పలేడు. తర్వాత కింద గట్టి రాయి తగిలింది. పక్క క్వారీ నుంచి బ్లాస్టర్‌ను పిలిపించి ఒకసారి పేలుడు మందు పెట్టించారు. ఆ ఒక్క షాట్‌తో అది పూర్తి స్థాయి గని అయిపోయింది. మేనేజర్ కావాలి, సర్టిఫికెట్ ఉన్న మేట్ కావాలి, బ్లాస్టర్ కావాలి, శిక్షణ కావాలి, వైద్య పరీక్షలు కావాలి. ఇవేవీ రాలేదు, ఎందుకంటే అక్కడున్న వాళ్ల మనసులో అది ఇంకా మొన్నటి గ్రావెల్ గుంతే.

క్వారీ ఏమీ మారకుండానే ప్రమాదం మారే సందర్భం కూడా ఉంది. పదేళ్ల క్రితం చుట్టూ జీడితోటలు. ఇప్పుడు లేఅవుట్లు, వాటిలో ఇళ్లు. అదే మందు, అదే దూరం, అదే రాయి. కానీ ఇళ్ల దగ్గర నేల కంపన వేగం తక్కువ ఫ్రీక్వెన్సీలో సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, 1997లోనే చెప్పింది. ఇళ్లు దగ్గరికొచ్చే కొద్దీ ఒక్కో డిలేలో, అంటే సెకనులో చిన్న వంతు తేడాతో పేలే ఒక్కో విడతలో, పేల్చే మందు తగ్గాలి. తగ్గించలేదంటే గోడలు బీటలిచ్చిన వాళ్లు కలెక్టరేట్‌కు వెళ్తారు. అప్పుడు గానీ ఎవరూ కంపనాలు కొలిచే సీస్మోగ్రాఫ్ బయటికి తీయరు.

తూటాలు మారాయి, అలవాటు మారలేదు

కొన్ని మార్పులు భద్రత కోసమే వస్తాయి. అవి కూడా తమ వెంట కొత్త ప్రమాదాన్ని తెస్తాయి. మందును పేల్చడానికి కరెంటుతో అంటించే ఎలక్ట్రిక్ డిటోనేటర్లను 2025 ఏప్రిల్ 1 నుంచి దేశంలో నిషేధించారు. మంచి నిర్ణయమే. అవి సులభంగా తప్పుడు చేతుల్లోకి వెళ్లేవి, ఎక్కడో తేలిన కరెంటుకు కూడా పేలేవి. వాటి స్థానంలో కరెంటు తీగకు బదులు సన్నటి గొట్టంతో పేలే నాన్‌ఎలక్ట్రిక్ షాక్‌ట్యూబులు, ఎలక్ట్రానిక్ డిటోనేటర్లు వచ్చాయి.

ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రిక్ డిటోనేటర్లతో పని చేసిన బ్లాస్టర్‌కు ఒక అలవాటు ఉంది. తీగలన్నీ కలిపాక మీటరు పెట్టి సర్క్యూట్ చూసుకుంటాడు. అంకె సరిగ్గా వస్తే ఎక్కడా తెగలేదని ధైర్యం. షాక్‌ట్యూబుకు ఆ మీటరు పనికిరాదు. ఒక్కో కనెక్షన్ కంటితో చూసుకోవాల్సిందే, వీలైతే ఇంకొకరితో మళ్లీ చూపించుకోవాల్సిందే. మీటరు మీద పెట్టిన నమ్మకం పోయాక, ఆ ఖాళీలో ఏం పెట్టాలో నేర్పకపోతే మందు నింపినా పేలకుండా మిగిలిపోయే హోల్స్ పెరుగుతాయి. ఇంకో భ్రమ కూడా మొదలైంది: 'కరెంటుతో పని లేదు కదా, ఉరుముల భయం లేదు' అని. నేరుగా పిడుగు పడితే ఏ డిటోనేటరైనా పేలొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు పిడుగులతో వణికే ఉత్తరాంధ్రలో ఈ భ్రమ చాలా ఖరీదైనది. మబ్బు పడితే మందు నింపిన ఫేస్ నుంచి దూరంగా వెళ్లిపోవడమనే పాత నియమంలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

పేలుడు పదార్థం పెట్టెలో ఉన్నా ప్రమాదమేనని 2021 మే 8 గుర్తు చేసింది. కడప జిల్లా మామిళ్లపల్లె దగ్గర గనిలో జిలెటిన్ స్టిక్స్ వాహనం నుంచి దించుతుండగా పేలి పది మంది చనిపోయారు. బ్లాస్టింగ్ సమయంలో సైరను, జెండాలు, కాపలా ఉంటాయి. సరుకు దించేటప్పుడు అవేవీ ఉండవు, ఎందుకంటే అది 'పని'లా కనిపించదు.

ఆపే అంకె

రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది.

అమెరికాలోని యూటాలో బింగ్‌హామ్ కాన్యన్ రాగి గని ఉంది. 2013 మొదట్లో దాని ఒక గోడ కదులుతున్నట్టు రాడార్లు పట్టుకున్నాయి. మొదట రోజుకు కొద్దిగా, తర్వాత ఎక్కువగా, చివరికి రోజుకు అయిదు సెంటీమీటర్ల వరకు. ఆఫీసులను, రోడ్లను ముందే తప్పించారు. ఏప్రిల్ 10న గుంతను ఖాళీ చేశారు. ఆ రాత్రి గోడ రెండు విడతలుగా కూలింది. కోట్ల టన్నుల రాయి గుంత అడుగుకు చేరింది. పెద్ద పెద్ద ట్రక్కులు, షవళ్లు ఆ రాళ్ల కింద పడి పోయాయి. ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. కొండ కూలకుండా ఎవరూ ఆపలేదని గమనించాలి. ఆపాలని ప్రయత్నించలేదు కూడా. కదలిక వేగం ఎంతకు చేరితే మనుషులు బయటికి రావాలో అనుకున్నారు, వచ్చారు.

రెండోది బ్రెజిల్‌లో బ్రుమాదిన్యో. ఇనుప ఖనిజం శుద్ధి చేయగా మిగిలిన బురదను నిలవ చేసిన కట్ట అది. 2016 నుంచి అందులో కొత్తగా బురద పోయడం కూడా ఆపేశారు. వాడకంలో లేని కట్ట కాబట్టి ప్రమాదం తగ్గిందనిపిస్తుంది. కట్ట గట్టిగానే ఉందని కొన్ని నెలల ముందే ధ్రువపత్రం కూడా వచ్చింది. 2019 జనవరి 25న మధ్యాహ్నం అది ఒక్కసారిగా ద్రవంలా మారి జారిపోయింది. 270 మంది చనిపోయారు. కంపెనీ క్యాంటీన్, ఆఫీసులు ఆ కట్టకు దిగువనే ఉన్నాయి. బింగ్‌హామ్‌లో తప్పించిన కట్టడాల్లాంటివే ఇక్కడ అలాగే ఉండిపోయాయి.

రెండు చోట్లా పరికరాలున్నాయి, ఇంజినీర్లున్నారు, ధ్రువపత్రాలకు లోటు లేదు. తేడా అంతా మార్పు కనిపించినప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకోవడంలోనే ఉంది. ఆస్ట్రేలియాలో 1994 ఆగస్టులో మౌరా నంబర్ 2 బొగ్గు గనిలో పేలుడుకు 11 మంది చనిపోయాక ఈ ఆలోచన గట్టిపడింది. అక్కడ బొగ్గు వేడెక్కుతున్న గుర్తులు ముందే కనిపించాయి. వాటిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా అర్థం చేసుకున్నారు. ఆ తర్వాతి కాలంలో గనుల్లో స్థిరపడిన పద్ధతికి ట్రిగ్గర్ యాక్షన్ రెస్పాన్స్ ప్లాన్ అని పేరు, వాడుకలో టార్ప్. ఏ గుర్తు ఏ గీత దాటితే ఎవరేం చేయాలో ముందే రాసి పెట్టుకోవడం అది. ఆ గీతలను ఇక్కడ పచ్చ, పసుపు, ఎరుపు అంటే ఎక్కువ మందికి అర్థమవుతుంది.

కంకర క్వారీకి రాడార్ కొనే స్తోమత ఉండదు. ఉండక్కర్లేదు. ఫేస్ పైన పగులుకు అటొక మేకు, ఇటొక మేకు కొట్టి, రోజూ ఉదయం టేపుతో కొలిచి పుస్తకంలో రాస్తే అది కూడా రాడార్ చేసే పనే. పగులు మీద సన్నటి గాజు పలకను సిమెంటుతో అతికిస్తే, కొద్దిపాటి కదలికకే అది చిట్లి చెబుతుంది. పది రూపాయల ప్లాస్టిక్ సీసాతో వాన కొలిచే డబ్బా తయారవుతుంది. అసలు కష్టం వీటి ముందు రాయాల్సిన అంకె. ఉదాహరణకు: రాత్రి వాన ఇంత మిల్లీమీటర్లు దాటితే ఫేస్ కింద పని లేదు, పగులు ఒక రోజులో ఇంత విచ్చుకుంటే పొక్లెయిన్ వెనక్కి, వరసగా రెండో రోజు కూడా విచ్చుకుంటే అందరూ బయటికి. ఆ 'ఇంత' ఏ క్వారీకి ఆ క్వారీ రాయి చూసి, భూగర్భ నిపుణుడితో కలిసి వేసుకోవాలి. పక్క క్వారీది తెచ్చి అంటించుకుంటే లాభం లేదు.

అంకె ఎందుకు? ఎందుకంటే అంకె లేని చోట మాట ఉంటుంది, మాటను బట్టి నిర్ణయం ఉంటుంది. 'కాస్త పగులు ఎక్కువైనట్టుంది' అని మేట్ అంటే, 'మొన్న కూడా అలాగే అన్నావు' అని సూపర్‌వైజర్ అనగలడు. 'నిన్న 41, ఇవాళ 47, గీత 45 దగ్గర ఉంది' అంటే ఆ సంభాషణ వేరుగా నడుస్తుంది. అంకె మేట్‌కు ధైర్యం, సూపర్‌వైజర్‌కు రక్షణ. పై నుంచి ఫోన్ చేసి 'ఎందుకు ఆపావు' అని అడిగినప్పుడు చూపించడానికి అతని చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

అలాంటి ఫోన్లు వస్తాయి. రోజుకు ఇన్ని ట్రిప్పులని లెక్క కట్టి డ్రైవర్‌కు డబ్బిచ్చే చోట, ఆపిన ప్రతి గంటా ఎవరో ఒకరి జేబులోంచి పోతుంది. ఓపెన్‌కాస్ట్, అంటే నేల పై నుంచి తవ్వే, తవ్వకాల్లో ప్రాణాలు తీసే వాటిలో టిప్పర్లు, డంపర్లు ముందు వరసలో ఉన్నాయంటే రోడ్డు వాలు, బ్రేకులతో పాటు ఈ ట్రిప్పు లెక్కకూ అందులో వాటా ఉంది. పసుపు, ఎరుపు రోజుల్లో ట్రిప్పులు కాకపోయినా డ్రైవర్‌కు కనీస రోజు కూలి ఇస్తారా లేదా అన్నది కూడా టార్ప్ పక్కనే రాయాల్సిన విషయం. అది రాయని టార్ప్‌ను మొదటి వాన రోజే పక్కన పెట్టేస్తారు.

మనుషులు మారినప్పుడు

2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాయి విరిగిపడి ఆరుగురు చనిపోయారు. ఆరుగురూ ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు. ఉత్తరాంధ్ర క్వారీల్లోనూ ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నుంచి వచ్చిన వాళ్లు తక్కువేం లేరు. పండగకు ఊరెళ్లి, తిరిగొచ్చేటప్పుడు వేరే గ్యాంగ్ వస్తుంది. వాళ్లలో చాలామంది రాయి పని వచ్చినవాళ్లే. వాళ్లకు రానిది ఈ రాయి. ఏ బెంచి మీద పోయిన నెల రాళ్లు రాలాయో, ఏ మూల పేలని మందు ఉండిపోయిందో వాళ్లకు తెలియదు. తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు వాళ్లకు గోడ మీద బొమ్మలాంటిది.

పేలని మందు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేల్చిన హోల్ అడుగున మిగిలిన గుంటను సాకెట్ అంటారు. దాంట్లో మందు ముక్క మిగిలి ఉండొచ్చు. అందుకే పాత సాకెట్లలో మళ్లీ డ్రిల్ చేయకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. పాత కాంట్రాక్టర్ వెళ్లిపోయి కొత్తవాడు వస్తే యంత్రాలు, షెడ్డు, స్టాకు లెక్కలన్నీ చేతులు మారతాయి. పేలని హోల్స్ ఎక్కడున్నాయో చెప్పే పుస్తకం చేతులు మారుతుందా? అడిగి చూస్తే చాలా చోట్ల మౌనమే జవాబు.

ఆగిన పని మళ్లీ మొదలైన రోజు గురించి విశాఖకు పాఠం చెప్పాల్సిన అవసరం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మందిని బలి తీసుకున్నప్పుడు ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ లాక్‌డౌన్‌లో ఆగి ఉంది. రోజూ కదిలే రసాయనం ట్యాంకులో వారాల తరబడి నిలిచిపోయింది. 2012 జూన్ 13న ఉక్కు ఫ్యాక్టరీలో పేలుడుకు 19 మంది చనిపోయినప్పుడు అక్కడ కొత్త విభాగాన్ని ప్రారంభించే పరీక్షలు జరుగుతున్నాయి. రోజువారీ పని నడిచే ఫ్యాక్టరీ ఒకటి, ఆగిన ఫ్యాక్టరీ ఒకటి, మొదలవుతున్న ఫ్యాక్టరీ ఇంకొకటి. క్వారీలదీ అదే తీరు. లీజు వివాదంతో ఆరు నెలలు ఆగిన క్వారీ తిరిగి తెరిచినప్పుడు దాన్ని కొత్త క్వారీగానే చూడాలి. బెంచీల మీద వదులుగా ఉన్న రాళ్లు రాల్చాలి, మట్టి తీయాలి, టిప్పర్ల దారి పక్క గట్టు మళ్లీ వేయాలి.

నెమ్మదిగా మారే ప్రమాదం ఒకటి ఉంది. దానికి ఏ సైరనూ మోగదు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్‌గా బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. నీళ్లు కొడుతూ డ్రిల్ చేస్తే దుమ్ము చాలా తగ్గుతుంది. ఏప్రిల్‌లో బోరు ఎండి, ట్యాంకరు రావడం మానేసిన రోజున డ్రిల్లింగ్ పొడిగా సాగుతుంది. ఆ రోజు తేదీ ఎక్కడా నమోదు కాదు. రోగం బయటపడే నాటికి ఆ మనిషి వేరే రాష్ట్రంలో ఉంటాడు.

గుట్ట నుంచి ఓడ దాకా

ఇక్కడి కథ గని అంచు దగ్గర ముగియదు. పొడి ఇనుప ఖనిజం, అంటే ఫైన్స్, కొండ మీద వేసవిలో ఇసుకలాంటిది. వానలో తడిసి వాగన్లలో దిగి, రేవులో గుట్టగా పోసి, ఓడ గోదాములోకి చేరాక అది ఇంకో వస్తువు. అలల కుదుపుకు గింజల మధ్యనున్న నీళ్లు పైకి వచ్చి, ఖనిజమంతా బురదలా ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఓడ కూడా దాంతోపాటే ఒరుగుతుంది. 2009 వానాకాలంలో భారత ఇనుప ఖనిజంతో బయల్దేరిన రెండు ఓడలు, జులైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబర్‌లో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్, ఇలాగే మునిగాయి. బ్రుమాదిన్యో కట్ట జారిపోవడానికి, ఇక్కడ ఓడ ఒరగడానికి వెనకున్న భౌతికశాస్త్రం దాదాపు ఒకటే. గట్టిగా కనిపించేది తడితో, కుదుపుతో ద్రవంలా మారడం.

దీన్ని పట్టుకోవడానికి ప్రయోగశాలలో తేమ పరీక్ష ఉంది, అదే ప్రమాణం. అయితే గుట్ట పక్కనే చేసే చిన్న పరీక్ష కూడా ఒకటి ఉంది. లీటరు లోపు డబ్బాలో సగానికి ఖనిజం నింపుతారు. గట్టి నేల మీద జానెడు ఎత్తు నుంచి, ఒకటి రెండు సెకన్ల తేడాతో, ఇరవై అయిదు సార్లు కొడతారు. పైన తడి తేలినా, జావలా కదిలినా ఆ సరుకు ఎక్కించకూడదు. తేలకపోతే మాత్రం క్షేమమని అర్థం కాదు, ల్యాబు లెక్క కూడా చూడాల్సిందే.

డబ్బా ఎంత చవకదో దాని గురించి అడగాల్సిన ప్రశ్న అంత సూటిది: ఆ ఇరవై అయిదు దెబ్బలు ఏ రోజు కొట్టారు? రేవులో గుట్ట మీద నిన్న రాత్రి వాన పడి ఉంటే, మొన్నటి డబ్బా ఇవాళ్టి సరుకు గురించి ఏమీ చెప్పదు. అనకాపల్లి క్వారీ ఆఫీసులో జనవరి రిజిస్టర్ ఎలా ఉందో ఇదీ అలాగే.